నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి: పాలక, సలహా మండళ్ల చరిత్ర

నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి తూర్పు హైదరాబాదు పారిశ్రామిక వాడల్లోని కార్మికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందించే ఆసుపత్రి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలీ, చర్లపల్లి ప్రాంతాల్లో ఫ్యాక్టరీల్లోనూ షెడ్లలోనూ పనిచేసేవారు ముందు తమ డిస్పెన్సరీలో చూపించుకుంటారు. అక్కడి డాక్టరు రాసిన రెఫరల్ చీటీతో ఇక్కడికి వస్తారు. ఇక్కడ దొరికేది ఉచిత వైద్యం అనడం సరికాదు. ప్రతి నెలా జీతంలోంచి కోత పడుతుంది, యజమాని తన వాటా కలుపుతాడు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కార్మికుడు డబ్బు కడుతున్నాడు కాబట్టే ఈ వ్యవస్థ మండళ్లలో అతనికి చట్టం ఒక కుర్చీ వేసింది. ఆ కుర్చీ ఎక్కడ ఉంది, దానికి ఎంత బలం ఉంది అన్నదే ఈ చరిత్రలో ముఖ్యమైన సంగతి.

ఈ ఆలోచనకు మూలం జర్మనీలో ఉంది. బిస్మార్క్ హయాంలో 1883లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం కింద చందాలో మూడింట రెండు వంతులు కార్మికులు, ఒక వంతు యజమానులు కట్టేవారు. నిధుల పాలక వర్గాల్లో స్థానాలు కూడా అదే లెక్కన దక్కేవి. డబ్బు పెట్టినవాడికే మాట అన్న ఆ సూత్రం తర్వాత అనేక దేశాలకు పాకింది. మన దేశంలో కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పనిని 1943లో బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. ఆయన 1944లో నివేదిక ఇచ్చారు. దాని పునాది మీద 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. ఆ తొలి రోజుల్లోనే, 1952 నుంచి 1954 వరకు, కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నది మన వి.వి. గిరి. కార్మిక సంఘాల్లోంచి ఎదిగిన మనిషి ఆయన.

చట్టం మూడు అంచెలను ఏర్పరచింది. పైన ఈఎస్‌ఐ కార్పొరేషన్, రోజువారీ నిర్ణయాలకు స్థాయీ సంఘం, వైద్య విషయాల్లో సలహాకు వైద్య ప్రయోజన మండలి. కార్పొరేషన్‌లో ఇప్పుడు యజమానుల ప్రతినిధులు పదిమంది, కార్మికుల ప్రతినిధులు పదిమంది ఉంటారు. రాష్ట్రాల ప్రతినిధులు, వైద్య వృత్తి నుంచి ఇద్దరు, పార్లమెంటు నుంచి ముగ్గురు కూడా ఉంటారు. వైద్య ప్రయోజన మండలి పని సలహా చెప్పడంతో ఆగదు. చికిత్స విషయంలో వైద్యుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే అధికారాన్ని కూడా చట్టం దానికి కల్పించింది. మండలిలో వైద్య వృత్తి నుంచి వచ్చే ముగ్గురిలో కనీసం ఒకరు మహిళ కావాలన్న నియమాన్ని 1948లోనే రాసుకున్నారు. చట్టం చేసినవారి ముందుచూపు ఇక్కడ కనిపిస్తుంది.

మరో రెండు నియమాలను ఆరోగ్య పాలన చదివేవారు తప్పక గమనించాలి. వరసగా మూడు సమావేశాలకు రాని సభ్యుడి సభ్యత్వం పోతుంది. కార్పొరేషన్‌తో నడుస్తున్న కాంట్రాక్టులో లాభం ఉన్నవాడు సభ్యుడిగా ఉండటానికి వీల్లేదు. కాగితం మీద ఇది గట్టి కట్టుదిట్టమే.

హైదరాబాదుకు పథకం 1955లో వచ్చింది. కేంద్రంలోని కార్పొరేషన్ కింద రాష్ట్ర స్థాయిలో ప్రాంతీయ మండలి, ఇంకా కింద స్థానిక కమిటీలు ఉండే ఏర్పాటును 1948 చట్టంలోని 25వ సెక్షన్ చేసింది. స్థానిక కమిటీలో యజమానులు, కార్మికులు, బీమా వైద్యాధికారి ఒకే బల్ల ముందు కూర్చుంటారు. డిస్పెన్సరీలో మందులు లేవని, సిక్ సర్టిఫికెట్ ఆలస్యమైందని నేరుగా చెప్పుకోవాల్సిన చోటు అదే. అనారోగ్య భత్యం జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. ఆ సర్టిఫికెట్ ఒక వారం ఆగితే ఇంటి అద్దె ఆగుతుంది.

అయితే ఆసుపత్రిని నడిపేది ఈ మండళ్లు కావు. 1948 చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం వైద్యం అందించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషన్‌ది, ఒక వంతు రాష్ట్రానిది. నాచారం ఆసుపత్రి రాష్ట్ర కార్మిక శాఖకు చెందిన బీమా వైద్య సేవల విభాగం కిందే ఉంది. నగరానికి అటువైపు సనత్‌నగర్ ఆసుపత్రిని మాత్రం కార్పొరేషనే నేరుగా నడుపుతోంది. అక్కడ 2016లో వైద్య కళాశాల కూడా తెరిచారు. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి సికింద్రాబాదు ఎంపీ బండారు దత్తాత్రేయ. ఒకే నిధి, ఒకే నగరం, ఇద్దరు యజమానులు. నాచారం వార్డులో పరికరం పాడైతే డబ్బు ఒకరి దగ్గర, అధికారం మరొకరి దగ్గర ఉంటాయి. మండలిలో కూర్చున్న కార్మిక ప్రతినిధి నిలదీయాల్సింది ఎవరినన్నది తేలడమే కష్టం.

డబ్బుకూ అధికారానికీ మధ్య ఉన్న ఈ ఖాళీ ఎంత ప్రమాదకరమో 2019లో బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ అవినీతి నిరోధక శాఖ మందుల కొనుగోళ్ల కేసులో బీమా వైద్య సేవల డైరెక్టరుతో సహా పలువురిని అరెస్టు చేసింది. పెంచిన ధరలు, తప్పుడు ఇండెంట్లు ప్రధాన అభియోగాలు. వాటిలో నిజానిజాలు తేల్చేది కోర్టులే. కానీ విజిలెన్స్ నివేదికతో కదిలిన ఈ వ్యవహారం ఒక సంగతిని స్పష్టం చేసింది. కొనుగోళ్ల లెక్కలు ఎప్పటికప్పుడు మండలి బల్ల మీదికి రావాలి. డిస్పెన్సరీ ఎంత అడిగింది, ఎంత కొన్నారు, కార్పొరేషన్ రేటు కాంట్రాక్టు ధర ఎంత అన్న మూడు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, వైద్యం తెలియని కార్మికుడు కూడా ప్రశ్న అడగగలడు.

ఆసుపత్రి గడప దాకా మండలిని తేవాలన్న ప్రయత్నం వేరే దారిలో కూడా సాగింది. 1990లలో ఇండోర్‌లో మొదలైన రోగి కల్యాణ సమితులు 2005 తర్వాత జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో దేశమంతటా వ్యాపించాయి. తెలుగునాట వాటిని ఆసుపత్రి అభివృద్ధి సంఘాలుగా ఎరుగుదుం. అంతకుముందే 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ చట్టం చేసి, జిల్లా, ఏరియా ఆసుపత్రులను ఒక పరిషత్ కిందికి తెచ్చింది. ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లోనూ అభివృద్ధి కమిటీలు వచ్చాయి. చిన్న మరమ్మతులు, మంచినీళ్లు, ఓపీలో కూర్చోవడానికి బెంచీలు వంటి పనులకు ఇవి ఢిల్లీలోని ఈఎస్‌ఐ కార్పొరేషన్ కంటే ఎక్కువ అక్కరకొస్తాయి.

ప్రాతినిధ్యం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కార్మిక ప్రతినిధులు గుర్తింపు పొందిన సంఘాల నుంచి వస్తారు. నాచారం షెడ్లలో కాంట్రాక్టరు కింద పనిచేసే యువకుడికి, ఉప్పల్ దుకాణంలో బిల్లింగ్ చేసే అమ్మాయికి సంఘమే ఉండదు. 1948లో నెలకు 400 రూపాయలున్న జీతపు పరిమితి 2017 జనవరి నుంచి 21,000కు పెరిగి ఇలాంటివారు ఎందరో పథకంలోకి వచ్చారు. చందా కోత వారికీ పడుతోంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ ఈఎస్‌ఐ చట్టాన్ని తనలో కలుపుకొంది. అందులోనూ యజమానులు పదిమంది, కార్మికులు పదిమంది అన్న లెక్క అలాగే ఉంది.