వేగు తెచ్చిన వార్త ఎవరికి చేరాలి? – గూఢచార సంస్థలలో ప్రాధాన్యాల నిర్ణయం

రాజుకు చారులే కన్నులని పూర్వులు చెప్పారు. అయితే ఆ కన్ను దేనిని చూడాలి? చూచినది ఎవరికి చెప్పాలి? గూఢచార సంస్థ నిర్వహణలో మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్నలు ఈ రెండే. ఏ సంస్థకైనా మనుషులు, ధనం, యంత్రసామగ్రి పరిమితంగానే ఉంటాయి. కనుక ఏ దేశంపై, ఏ కనుమపై, ఏ ముఠాపై దృష్టి నిలపాలో ముందుగా నిర్ణయించుకోక తప్పదు. అంతకన్న కష్టమైనది దేనిని వదలిపెట్టవచ్చునో నిర్ణయించుకోవడం.

ఈ పనిలో రెండు పక్షాలున్నాయి. సమాచారాన్ని సేకరించి, పరిశోధించి, అంచనా కట్టేవారు ఒక పక్షం. ఆ అంచనాను బట్టి విధానం నిర్ణయించే మంత్రులు, సేనాధిపతులు, కార్యదర్శులు రెండవ పక్షం. మాకు ఫలానా సంగతి తెలియాలని రెండవ పక్షం అడగాలి. మొదటి పక్షం ఆ ప్రశ్నను పట్టుకొని వెదకాలి. అడిగేవారు అడగకున్నా, వెదకినవారి మాట సరైన చోటికి చేరకున్నా నిజమైన వార్త కూడా నిరర్థకమవుతుంది. దీనికి మన దేశంలో కార్గిల్‌ను మించిన ఉదాహరణ లేదు.

1999 మే 3న బటాలిక్ ప్రాంతంలోని బంజు వద్ద పాకిస్థానీ చొరబాటుదారులను మొదట చూచినవారు ఇద్దరు గొర్రెల కాపరులు. సైనిక బ్రిగేడు అప్పుడప్పుడు సమాచారం కోసం వినియోగించుకొనే మనుషులు వారు. అప్పటికే శత్రువు శిఖరాలపై స్థావరాలు ఏర్పరచుకొని ఉన్నాడు. జులై 26న ముగిసిన ఆ యుద్ధంలో 527 మంది భారత సైనికులు అమరులయ్యారు. ఒడిశా మూలాలు కలిగిన హైదరాబాదు వాసి, మహావీర చక్ర గ్రహీత మేజర్ పద్మపాణి ఆచార్య వారిలో ఒకరు.

యుద్ధం ముగిసిన మూడవ నాడే, జులై 29న, కేంద్ర ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కార్గిల్ సమీక్షా సంఘాన్ని నియమించింది. సంఘం ఆ తరువాత నివేదిక సమర్పించింది. అందులో కొన్ని భాగాలు ప్రజలకు విడుదల కాలేదు. విడుదలైనంత మేర చదివినా మనసు కలుక్కుమంటుంది.

దేశాంతర్గత సమాచారం చూచే ఇంటెలిజెన్స్ బ్యూరోకు కార్గిల్ ఎదుటి ప్రాంతంలో సంచలనం ముందే కనబడింది. 1998 జూన్‌లో ఆ సంస్థ అధిపతి ఈ విషయమై ఒక లేఖ పంపారు. అది ప్రధానమంత్రికి, హోంమంత్రికి, మరికొందరు ఉన్నతాధికారులకు చేరింది. ఎవరికి చేరలేదో చూడండి. విదేశీ సమాచారం సేకరించవలసిన ‘రా’ కార్యదర్శికి చేరలేదు. అన్ని సంస్థల వార్తలను కలిపి అంచనా కట్టే జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షునికి చేరలేదు. సైనిక గూఢచార విభాగాధిపతికి కూడా చేరలేదు. పైవారి నుండి అది క్రమంగా వారికి దిగివస్తుందని తాను భావించినట్లు బ్యూరో అధిపతి సంఘానికి చెప్పారు. రెండు రాష్ట్రాల పొలిమేరలో కాపురముండి, ఒక కచేరీలో ఇచ్చిన అర్జీ పక్క కచేరీకి ‘దిగివస్తుందని’ ఏళ్ల తరబడి ఎదురుచూచిన మన పాఠకులకు ఈ మాట కొత్తగా తోచదు.

1968 సెప్టెంబరు 21న ఏర్పడిన ‘రా’ పేరులోనే పరిశోధన, విశ్లేషణ ఉన్నాయి. అయినా కార్గిల్ ప్రాంతంలో దాని కేంద్రానికి తగినంత సిబ్బంది గాని, సాంకేతిక శక్తి గాని సమకూర్చలేదని సంఘం తేల్చింది. ప్రాధాన్యాల జాబితాలో ఆ మంచుకొండలు అడుగున ఉండిపోయాయన్నమాట. 1998 సెప్టెంబరుతో ముగిసిన అర్ధ సంవత్సరపు అంచనాలో పాకిస్థాన్ పరిమితమైన, వేగవంతమైన దాడికి దిగే అవకాశం ఉన్నదని ‘రా’ వ్రాసింది. 1999 మార్చి అంచనాకు వచ్చేసరికి ఆ హెచ్చరిక నిలువలేదు. ఎదుటివైపు ఏ పటాలాలు వచ్చాయో, ఏవి వెళ్లాయో తెలియకపోవడమే కీలకమైన లోపమని సంఘం అభిప్రాయపడింది.

కమిటీ సమావేశాల దుస్థితి మరొకటి. అంచనాల విలువ తగ్గిపోవడంతో ఆయా సంస్థలు అక్కడికి చిన్న అధికారులను పంపసాగాయి. ఏ సంస్థకు ఏ పని అప్పగించాలి, చేసిన పని నాణ్యత ఎట్లున్నది అని పరిశీలించే ఏర్పాటే లేదని నివేదిక స్పష్టం చేసింది. నా దృష్టిలో నివేదిక అంతటిలో ముఖ్యమైన వాక్యం ఇదే. చొరబాటును పసిగట్టలేకపోవడం ఒకనాటి వైఫల్యం; అడిగేవాడు లేకపోవడం ఏళ్ల తరబడి సాగిన వైఫల్యం.

తరువాత ఎల్.కె. అద్వానీ నాయకత్వంలోని మంత్రుల బృందం 2001 ఫిబ్రవరిలో సిఫారసులు చేసింది. జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన గూఢచార సమన్వయ బృందం, 2002లో రక్షణ గూఢచార సంస్థ, 2004లో సాంకేతిక సేకరణ కోసం ఎన్‌టీఆర్‌ఓ వచ్చాయి. సంస్థలు వార్తలు పంచుకొనేందుకు 2001లోనే మల్టీ ఏజెన్సీ సెంటర్ ఏర్పడింది. అయినా 2008 నవంబరు 26న సముద్రమార్గాన ముంబైకి ముష్కరులు వచ్చారు. అటువంటి దాడి గురించిన హెచ్చరికలు ముందే అందాయన్న సంగతి దాడి తరువాత బయటపడింది. ఆ సంవత్సరం డిసెంబరు 31న ఆ కేంద్రానికి కొత్త అధికారాలు, విధులు నిర్దేశిస్తూ ఉత్తర్వు వెలువడింది.

విధానకర్తలు అడగకపోవడం ఒక ప్రమాదమైతే, తమకు కావలసిన జవాబు కోసమే అడగడం మరొకటి. అమెరికా అంచనాల కార్యాలయానికి 1952 నుండి 1967 వరకు అధిపతిగా ఉన్న షెర్మన్ కెంట్ ఈ చిక్కును గురించి విస్తృతంగా వ్రాశాడు. పరిశోధకుడు విధానకర్తకు మరీ దూరమైతే దారి తెలియదు, మరీ దగ్గరైతే నిష్పాక్షికత పోతుంది. 2002 అక్టోబరులో ఇరాక్‌పై వెలువడిన అమెరికా జాతీయ అంచనా అక్కడ రసాయన, జీవాయుధాలు ఉన్నాయన్నది. అణు ప్రయత్నం తిరిగి మొదలైనదన్నది. అణు విషయంలో విదేశాంగశాఖలోని చిన్న పరిశోధన విభాగం భిన్నాభిప్రాయం వ్రాసిపెట్టింది. యుద్ధం జరిగిన తరువాత ఆ ఆయుధ నిల్వలు దొరకలేదు. అంచనాలు దాదాపు పూర్తిగా తప్పని 2005లో అధ్యక్షుడు నియమించిన విచారణ సంఘం తేల్చింది. రాజకీయ ఒత్తిడితో అంచనాలు మారినట్లు ఆధారం దొరకలేదని కూడా ఆ సంఘమే చెప్పింది. పాత నమ్మకాన్ని ఎవరూ తిరిగి పరీక్షించలేదు, అంతే. అమెరికాలో ఏ అంశం ఎంత ముఖ్యమో వ్రాతపూర్వకంగా వరుస కట్టి, ఎప్పటికప్పుడు సవరించే చట్రం 2003 నుండి అమలులో ఉన్నది.

మన దేశంలో ‘రా’, ఇంటెలిజెన్స్ బ్యూరోలు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడినవి కావు. ఈ సంస్థల అధికారాలను నియంత్రిస్తూ 2011లో లోక్‌సభ సభ్యుడు మనీశ్ తివారీ తెచ్చిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు.