అడుగు నీరు పైకి వచ్చే రోజుల్లో ఆలిచిప్పల సాగు: రైతులు గమనించాల్సినవి

చెరువులో ఎరువులు వేసి ప్లాంక్టన్ పెంచడం రొయ్యల రైతులకు తెలిసిన పనే. సముద్రంలో ఆ పని గాలి చేస్తుంది. గాలి కొన్ని రోజులపాటు తీరం వెంబడి వీచినప్పుడు, భూభ్రమణ ప్రభావం కూడా తోడై పై నీరు ఒడ్డుకు దూరంగా జరుగుతుంది. ఆ స్థానంలోకి అడుగున ఉన్న చల్లని నీరు వస్తుంది. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. ఈ నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఎక్కువ. ఎండ తగిలిన కొద్ది రోజులకే డయాటమ్‌ల వంటి ప్లాంక్టన్ దట్టంగా పెరుగుతుంది. ఆలిచిప్పలు నీటిని వడకట్టి దాన్నే తింటాయి. మేత ఖర్చు ఉండదు.

కేరళ తీరంలో ఇది జూన్ నుంచి సెప్టెంబరు వరకు జరుగుతుంది. వానల తర్వాత అక్కడి రాళ్లపై పచ్చ ఆలిచిప్పల పిల్లలు దొరుకుతాయి. రైతులు వాటిని నూలు గుడ్డతో తాడుకు చుట్టి, ఉప్పుటేళ్లలో వెదురు పందిళ్లకు వేలాడదీస్తారు. మళ్లీ వానలు వచ్చి ఉప్పదనం పడిపోకముందే పంట తీస్తారు. విశాఖ తీరంలో అప్‌వెల్లింగ్ మార్చి నుంచి మే వరకు కనిపిస్తుంది. చలికాలంలో తాళ్లు కట్టినవారికి కండ పట్టే నెలలు సరిగ్గా ఇవే.

అయితే పైకి వచ్చే నీటిలో ఆక్సిజన్ తక్కువ. ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి కుళ్లినా ఆక్సిజన్ పడిపోతుంది. పెద్ద చిప్పలు మూసుకుని కొంత ఓర్చుకుంటాయి, పెరుగుదల మాత్రం ఆగుతుంది. నీరు ఉన్నట్టుండి చల్లబడినా, చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నా తాళ్లను కొంచెం పైకి కట్టండి. తాడు కొస ఎప్పుడూ నేలకు తగలకూడదు. తాళ్లు మరీ దగ్గరగా కడితే మధ్యలోవాటికి మేతా అందదు, గాలీ అందదు.

అసలు భయం విషపు ప్లాంక్టన్‌తో. దాన్ని తిన్న చిప్పకు ఏమీ కాదు, తిన్న మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. 1997లో కేరళలోని విళింజం దగ్గర ఆలిచిప్పలు తిని ఏడుగురు చనిపోయారు. ఈ విషం ఉడికించినా పోదు. శుభ్రమైన నీటిలో ఒక రాత్రి ఉంచితే ఇసుక పోతుంది కానీ విషం పోదు. నీరు ఎర్రగా, గోధుమ రంగుగా మారితే పంట తీయడం ఆపి మత్స్యశాఖ వారికి చెప్పండి. రంగు మారకపోయినా విషం ఉండవచ్చు కాబట్టి, కొనేవాడు తొందరపెట్టినా నమూనా పరీక్ష చేయించాకే అమ్మండి. తిన్నవారికి పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.