తాటాకు కమ్మ మొదలు కాసులపేరు దాక

తెలుగునాట నగల చరిత్ర వ్రాయబూనినవారు సామాన్యముగ శాసనములను, శిల్పములను ఆశ్రయింతురు. శాసనములలో రాజులు దేవునికి సమర్పించిన సొమ్ముల పట్టికలు కలవు. అమరావతి శిల్పములలో ముంజేతుల నిండ గాజులును, కాళ్ళకు లావుపాటి కడియములును ధరించిన స్త్రీమూర్తులు కానవత్తురు. కాని ఆకుతోను, గింజతోను, గవ్వతోను సింగారించుకొన్న బీదసాదల నగలు శాసనములకు ఎక్కలేదు. రాయి నిలిచినది, ఆకు మన్నైనది. ఆ లోటును కొంతవరకు తీర్చునది మన భాషయే.

"కమ్మ" అను మాటను చూడుడు. తాటియాకునకు కమ్మ యని పేరు. ఆ యాకుమీద వ్రాసి పంపిన ఉత్తరమును కమ్మయే. చెవికి పెట్టుకొను నగయు కమ్మయే. అరవభాషలోని "ఓలై" యను మాటకు సైతము ఈ మూడర్థములును కలవు. సంస్కృతమున అమరకోశము "కర్ణిక" యను చెవినగకు "తాళపత్రము"ను పర్యాయముగ చెప్పినది. ఇన్ని భాషలు ఒకే సాక్ష్యము పలుకుచుండగా, మన స్త్రీల చెవులలో బంగారము కంటె ముందు తాటాకు ఉండెననుటకు సందేహింప బనిలేదు.

దాని పనితనము చిన్నది కాదు. లేతయాకును పట్టీగా చీల్చి, బిగువుగ చుట్టి, చెవిబెజ్జమున దూర్తురు. విచ్చుకొనుట ఆకు స్వభావము. చుట్ట వదులగుచున్నకొలది తమ్మె మెల్లమెల్లగా సాగి బెజ్జము పెద్దదగును. కొలిమితో పనిలేదు, కూలి లేదు. వాడినదానిని పారవేసి క్రొత్తది చుట్టుకొనుటయే. కలిగినవారు పిమ్మట ఆ చుట్ట ఆకారమునే బంగారమున చేయించుకొనిరి. నేటి రాళ్ళకమ్మకు ఆకు పోలిక లేకున్నను పేరు మాత్రము మారలేదు. కమ్మలు తాకట్టుకు పోయిన యింట బెజ్జము పూడకుండ చీపురుపుల్ల పెట్టుకొనుట నిన్నమొన్నటి దాక పల్లెలు ఎరిగినదే. పుస్తెకు బంగారము కొరవడిననాడు పసుపుకొమ్ము కట్టియు పెండ్లి జరిపించిరి. ఆ పెండ్లిని తక్కువ పెండ్లి యని ఎవ్వరును అనలేదు.

గురివింద కథ వింతయైనది. ఎర్రని గింజకు నల్లని మచ్చ. దానిని దండగ్రుచ్చి మెడలో వేసికొనిరి. లోపలి పప్పు విషము గనుక బెజ్జము వేయునప్పుడు జాగ్రత్త అవసరము. ఒక్కొక్క గింజ తూకము ఇంచుమించు 2 గ్రెయినులు, అనగా గ్రాములో ఎనిమిదవ వంతు. అందుచేత కంసాలి త్రాసులో బంగారమును తూచు రాయియు అదియే అయ్యెను. బీదపిల్ల మెడలోని పూసతో కలవారి సొమ్మును తూచిరన్నమాట.

ఆకును, గింజయు ప్రకృతి యిచ్చినవి. నాణెము ప్రభువు లిచ్చినది. దానిని సైతము మన స్త్రీలు నగగ మార్చిరి. కాసులపేరు అట్లు పుట్టినదే. కోస్తా జిల్లాలలో నేటికిని కాసు బంగారమన్న 8 గ్రాములు. అది ఇంగ్లీషు సవరను తూకము.

బంగారు కాసు అందనివారికి వెండి రూపాయి అందెను. లంబాడీలు ఎద్దులమీద ధాన్యమును, ఉప్పును మోయుచు దేశదేశములు తిరిగిన సంచారవర్తకులు. ఇల్లు, పొలము లేనివారికి కూడబెట్టిన సొత్తు ఒంటిమీద ఉండుటయే క్షేమము. రూపాయికి కంసాలి వెండి కొక్కెము పెట్టి మాటువేయగా అది హారములో చేరెను. 1835 నాటి ఏకరూప నాణెపు చట్టము ప్రకారము రూపాయి సరిగా ఒక తులము, అనగా 180 గ్రెయినులు. అందు పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు మేలిమి వెండి. నగకు అంతకన్న నమ్మకమైన సరకేది? 19వ శతాబ్ది ఉత్తరార్ధమున రైలుదారులు వారి రవాణాను హరించినను, రూపాయలు మెడలలో నిలిచియుండెను. 1940లో రూపాయిలోని వెండి సగమునకు తగ్గెను. 1947 నాటికి నికెలు రూపాయి వచ్చెను. నాటినుండి పాత రూపాయి బజారులో చెల్లుబాటుకు గాక వెండి వెలకు నిలిచినది.

తండాలలో నేడు పెక్కుమంది ఈ సొమ్ములను పెండ్లిండ్లకును, తీజ్ పండుగకును మాత్రమే వెలికి తీయుచున్నారు. గవ్వలు, అద్దాలు అట్లే యున్నవి. వెండి బిళ్ళల నడుమ అల్యూమినియము చేరినది. దండచేతికి తొడుగు దంతపు గాజుల స్థానమున ప్లాస్టిక్ గాజులు వచ్చినవి. వానిని పిలుచు "బలియా" యను పేరు మాత్రము పాతదే.