బావిలో బెండ్లు, బడిలో స్కౌట్లు

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా పాపని కపిల బావి దగ్గరికి తీసుకెళ్ళాను. మాది డోన్ పక్కన ఒక మెట్ట పల్లె. బావి అయితే ఉంది గానీ చుక్క నీళ్ళు లేవు. మెట్ల సందుల్లో కంపచెట్లు, అడుగున ఎవరో పారేసిన ప్లాస్టిక్ సంచులు. "నాన్నా, నువ్వు ఈత నేర్చుకుంది ఇందులోనా? కాళ్ళు విరగలేదా?" అంది పాప. అప్పుడు నీళ్ళుండేవమ్మా అని చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి పదేళ్ళు. నీళ్ళున్న బావిని అది సినిమాల్లో తప్ప చూడలేదు.

నాకు ఈత నేర్పింది మా నాయన కాదు, ఏ మాస్టరూ కాదు. మా చిన్నాయన కొడుకు, నాకంటే ఐదేళ్ళు పెద్ద. అంటే నాకు ఎనిమిదైతే వాడికి పదమూడు. ఎండిన కిత్తనార మాను ముక్కలు కోసి, తాడుకి గుచ్చి నడుముకి కట్టేవాడు. వాటినే బెండ్లు అంటాం. మొదటి రోజు నాలుగు బెండ్లు. కాళ్ళు ఆడించడం వచ్చాక ఒకటి విప్పేవాడు, ఇంకో నాలుగు రోజులకి ఇంకోటి. చివరి బెండు ఎప్పుడు విప్పాడో నాకు తెలియనే తెలీదు. "నేనుండాను కదరా, దూకు" అన్నాడు, దూకాను, తేలాను, అప్పుడు నడుము తడుముకుంటే తాడు లేదు!

దానికి రూల్సు కూడా ఉండేవండోయ్. ఈత రాని వాడు నీళ్ళలో ఉంటే ఇద్దరు ఈతగాళ్ళు పక్కనే ఉండాలి, ఒకడు గట్టు మీద మోకు పట్టుకుని నిలబడాలి. మోటారు ఆడుతుంటే పైపు వైపు పోకూడదు. ఇవన్నీ ఎవరు పెట్టారో తెలీదు, మాకంటే ముందు పిల్లలు మాకు చెప్పారు, మేము మా తర్వాత వాళ్ళకి చెప్పాం. మా జేజినాయన చింతచెట్టు కింద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. మావైపు చూస్తున్నట్టు కనిపించేవాడు కాదు. కానీ ఎవడైనా అడ్డదిడ్డంగా దూకితే మాత్రం "యావడ్రా వాడు" అని ఒక్క కేక వచ్చేది.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? మా బావి గట్టు మీద జరిగినదాన్నే ఇంగ్లండులో ఒకాయన పుస్తకంగా రాస్తే ప్రపంచమంతా వ్యాపించింది. దాని పేరు స్కౌటింగ్. అది మళ్ళీ మా ఊరి దగ్గరి బడిదాకా వచ్చేసరికి అందులోంచి బావి మాయమైపోయి ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు మిగిలాయి. ఆ కథ చెబుదామనే ఈ టపా.

నేను ఏడో తరగతిలో స్కౌట్స్‌లో చేరాను. ఆ బడి పేరు అనవసరం, మీరు చదివిన బడి కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. మూడు వేళ్ళ సెల్యూట్, ఎడమచేతి కరచాలనం, ప్రార్థన గీతం, పంద్రాగస్టుకి మార్చింగ్. పేట్రోల్ లీడర్‌ని సారే ఎంచాడు, అందరికంటే పొడుగ్గా ఉన్నాడని. వాడి పని "సావధాన్" అని అరవడం, అంతే. ఒకసారి క్యాంపుకి తీసుకెళ్ళారు. గుడారాలు అటెండర్లు వేశారు, వంట వంటవాళ్ళు చేశారు, మేము వరసలో నిలబడి ఉప్మా తిన్నాం. పక్కనే చిన్న గుట్ట ఉంటే "ఎవడైనా ఎక్కితే తోలు తీస్తా" అన్నారు. తొమ్మిదేళ్ళకే మోకు పట్టుకుని ఇంకొకడి ప్రాణానికి కాపలా ఉన్నవాడిని, పన్నెండేళ్ళకి గుట్ట ఎక్కడానికి పనికిరాకుండా పోయాను.

చాన్నాళ్ళు స్కౌటింగ్ అంటే ఇంతే అనుకున్నా. ఉద్యోగంలో చేరాక చదివితే తెలిసింది, అసలు సంగతి దీనికి పూర్తిగా తలకిందులని.

1899-1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం. మఫెకింగ్ అనే ఊరిని బోయర్లు 217 రోజులు ముట్టడించారు. లోపల ఉన్న బ్రిటిష్ దళాలకి అధికారి రాబర్ట్ బేడెన్-పావెల్. మనుషులు చాలక, ఊళ్ళోని మగపిల్లలని ఒక దళంగా చేర్చి వార్తలు మోయడం లాంటి పనులకి పెట్టారు. వాళ్ళ నాయకుడు వార్నర్ గుడ్‌ఇయర్ అనే పదమూడేళ్ళ పిల్లాడు. సరిగ్గా మా అన్న వయసు! యుద్ధంలోకి పిల్లల్ని లాగడం మెచ్చుకోవాల్సిన పనేం కాదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నా. కానీ పిల్లలకి నిజమైన పని, నిజమైన బాధ్యత ఇస్తే ఎలా ఎదుగుతారో బేడెన్-పావెల్‌ అక్కడ చూశాడు.

1907 ఆగస్టులో ఆయన బ్రౌన్‌సీ అనే దీవిలో ఇరవైమంది దాకా పిల్లలతో వారం రోజుల క్యాంపు పెట్టాడు. కొందరు పెద్దింటి బడుల వాళ్ళు, కొందరు పనివాళ్ళ పిల్లలు. నాలుగు పేట్రోళ్ళు - తోడేళ్ళు, ఎద్దులు, కాకులు, కర్లూ పిట్టలు. ప్రతి దానికీ ఒక పెద్ద పిల్లాడు లీడరు. రాత్రి కాపలా వంతులవారీగా పేట్రోళ్ళదే. మరుసటి ఏడు 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' భాగాలుగా వచ్చింది. సంఘం పెట్టండని ఆయన చెప్పకముందే పిల్లలు ఎక్కడికక్కడ తామే పేట్రోళ్ళు కట్టుకుని, ఆ తర్వాత తమకో పెద్దమనిషి కావాలని వెతుక్కున్నారట. ఇది నాకు చాలా నచ్చిన విషయం.

పేట్రోల్ పద్ధతి మర్మం ఏమిటంటే - ఆరు నుంచి ఎనిమిది మంది. ఒకరు లీడరు. ఒకడిది వంట, ఒకడిది సామాను, ఒకడిది లెక్క. ఎక్కడికి పోవాలో, ఏం తినాలో, తప్పు చేసినవాడిని ఏం చేయాలో పేట్రోల్ లీడర్లు కూర్చుని తేల్చుకుంటారు. దాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. స్కౌట్ మాస్టరు అందులో ఉంటాడు గానీ ఎక్కువగా వింటాడు. ప్రమాదం కనిపిస్తే ఆపుతాడు. అంటే చింతచెట్టు కింద జేజినాయన అన్నమాట. (మా ఆఫీసులో ఏడుగురి టీముకి ఈ పద్ధతికే ఏవేవో పేర్లు పెట్టి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు లెండి.)

మరి ఇంకా చిన్నపిల్లల సంగతో? అన్నలు స్కౌట్స్ అయితే తమ్ముళ్ళు ఊరుకుంటారా? వాళ్ళ పోరు పడలేక 1916లో ఎనిమిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి వుల్ఫ్ కబ్స్ పెట్టారు. కిప్లింగ్ జంగిల్ బుక్ కథని తీసుకున్నారు. పిల్లలు తోడేలు కూనలు, పెద్దాయన అకేలా. ఆరుగురు ఒక జట్టు, దాని పేరే సిక్స్, నడిపేవాడు సిక్సర్. వాడికీ పదేళ్ళే. కూనలు కళ్ళు మూసుకుని పుడతాయి కదా, ఒక మెట్టు దాటితే టోపీకి ఒక నక్షత్రం, అంటే ఒక కన్ను తెరిచినట్టు. రెండో మెట్టు దాటితే రెండో కన్ను. చదవగానే నాకు బెండ్లు గుర్తొచ్చాయి. ఆయన ఒక్కొక్క కన్ను తెరిపించాడు, మా అన్న ఒక్కొక్క బెండు విప్పాడు.

అసలు ఎగతాళి ఇక్కడే ఉంది. ఆ కథలోని అడవి మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవి. అంటే లండన్ పిల్లలు మన అడవి తోడేళ్ళయి ఆడుకుంటున్నారు. అదే సమయంలో మనదేశంలో మన పిల్లలకి స్కౌట్స్‌లో ప్రవేశం లేదు! 1909లో బెంగుళూరులో మొదటి ట్రూపు పెట్టింది తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల పిల్లల కోసం. సర్కారుకి భయం ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆనవాళ్ళు పట్టడం, సంకేతాలు పంపడం, నాయకుడి కింద జట్టుగా కదలడం - వంగభంగం తర్వాత ఏ తెల్ల కలెక్టరు ఇవి మన కుర్రాళ్ళకి నేర్పిస్తాడు?

వుల్ఫ్ కబ్స్ పుట్టిన ఆ 1916లోనే మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ కలిసి ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. టోపీ బదులు తలపాగా, మన పాటలు. అప్పుడు కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే కదా. బిసెంట్‌కి సీమతో సంబంధం గట్టిది. అంతకు ముందు ఏడే, 1915లో, మదనపల్లెలో ఆమె పేరుతో దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. ఆ మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా కడప జిల్లాలోదే. ఉత్తరాదిన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లని నడిపారు.

1921లో బేడెన్-పావెల్ వచ్చి చూశాక బిసెంట్ సంఘం ఆయన సంఘంలో కలిసింది. రాజుకి విధేయత ప్రతిజ్ఞ మింగుడుపడక సేవాసమితి బయటే ఉండిపోయింది. 1937లో ఢిల్లీ జాంబోరీకి వచ్చిన ఆయనే భారతీయుల శీలం గురించి చులకనగా మాట్లాడాడని గొడవై చాలామంది బయటికొచ్చేశారు, 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం పుట్టింది. స్వతంత్రం వచ్చాక ఈ ముక్కలన్నీ అతికి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. గైడ్స్ 1951 ఆగస్టు 15న చేరారు. ఇందులో చిన్నపిల్లలకి కబ్, బుల్‌బుల్ విభాగాలున్నాయి. జాతీయ శిక్షణ కేంద్రం పచ్‌మఢీలో ఉంది, మోగ్లీ తిరిగిన ఆ సాత్పురా కొండల్లోనే. అడవి తిరిగి మన చేతికే వచ్చింది. మనం దాన్ని ఏం చేశాం? డ్రిల్లు చేశాం.

ఎందుకిలా అయింది? నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి, మన దగ్గర స్కౌట్స్ బడిలో భాగం అయిపోయింది. స్కౌట్ మాస్టరే లెక్కల సారు కూడా. లెక్కల సారు మాట వినడం అలవాటైన పిల్లలు సాయంత్రం ఆయన ముందే నిర్ణయాలు ఎలా తీసుకుంటారు? పైగా సర్టిఫికెట్టు ఉంటే రైల్వేలో స్కౌట్స్ కోటా ఉంది. కోటా తప్పని నేననను, మా సీమలో ఉద్యోగమంటే మాటలు కాదు. కానీ గురి సర్టిఫికెట్టు మీదికి పోయింది. రెండోది భయం. ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ?

ఈ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. 1912 ఆగస్టు 4న ఇంగ్లండులో లేస్‌డౌన్ దగ్గర స్కౌట్ల పడవ తిరగబడి తొమ్మిదిమంది పిల్లలు చచ్చిపోయారు. స్కౌట్ మాస్టరు ఆ పడవలోనే ఉన్నాడు. 2014 జూన్ 8న బియాస్ నదిలో మన హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు, వాళ్ళు పసిపిల్లలు కాదు. అదే ఏడు, దానికి రెండు వారాల ముందే, మే 25న, నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలలకి ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి బండ మీద మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పోయిన పిల్ల ఆమె. కాబట్టి తేడా వయసులో లేదు. పెద్దవాళ్ళు పక్కన ఉండటంలో కూడా లేదు. బెండ్లు ఒక్కొక్కటిగా విప్పారా, నీళ్ళు ఏమిటో ముందే తెలుసుకున్నారా, గట్టు మీద మోకు ఉందా - అందులో ఉంది.

ఏ సాహసమూ చేయనివ్వకపోతే పిల్లలు క్షేమంగా ఉంటారా? బోర్లు పడి బావులు ఎండాయి, ఈత నేర్పే అన్నలు పోయారు. కానీ నీళ్ళు పోలేదు. కే.సీ. కెనాల్ ఉంది, క్వారీ గుంతలున్నాయి. ప్రతి ఎండాకాలం సెలవుల్లో జిల్లా పేజీ చూడండి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలుని ముంచాయి. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెల్ని ఊడ్చుకుపోయింది. కరువు సీమ పిల్లలకి ఈతెందుకు అనుకునేవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

జాగాలకి కొదవా మనకి? పెన్నా కోసిన గండికోట లోయ ఉంది. 3,229 మీటర్ల బెలుం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి తవ్విన బిల్లసర్గం గుహలు బేతంచెర్ల దగ్గరే ఉన్నాయి. ఓర్వకల్లు రాళ్ళున్నాయి.

ఆ ఓర్వకల్లుకే పోయిన ఏడు మా పాపనీ, ఇంకో ఐదుగురు చుట్టాల పిల్లల్నీ తీసుకెళ్ళాను. చిన్నవాడికి ఏడేళ్ళు. ముందురోజే నేనూ మా బావమరిదీ పోయి దారి చూసొచ్చాం. పిల్లలకి మూడే మాటలు చెప్పా - ఆరుగురూ కలిసే ఉండాలి, నీళ్ళ గుంట వైపు పోకూడదు, పాప మాటే మాట. నేను కనిపించేంత దూరంలో కూర్చున్నా. సగం ఎక్కాక ఒక రాయి దగ్గర ఆగిపోయారు. చిన్నవాడు ఏడుపు మొహం. మా మేనల్లుడు, పాపకంటే బలమైనవాడు, "వాణ్ణి ఈడ్నే కూచోబెట్టి మనం పోదాం" అంటున్నాడు. లేచి పోదామని కాళ్ళు పీకాయి నాకు. బలవంతాన కూర్చున్నా. ఐదు నిమిషాలు వాదించుకున్నారు. ఆఖరికి ఆరుగురూ కిందికి దిగొచ్చేశారు.

"ఎక్కలేదా?" అన్నాను. "వాణ్ణి వదిలేసి పోకూడదు కదా నాన్నా, రేపు వాడికి చిన్న రాయి మీద నేర్పించి మళ్ళీ వస్తాం" అంది. మేనల్లుడు మాత్రం ఇంటికొచ్చేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. వాడి కోపం కూడా న్యాయమైనదే.

ఇంతకంటే పెద్ద పథకం నా దగ్గర లేదు. మీ పిల్లల బడిలో స్కౌట్స్, కబ్స్ ఉంటే ఒక్క ప్రశ్న అడిగి చూడండి - వచ్చే క్యాంపులో ఏం చేయాలో ఎవరు నిర్ణయించారు అని. పిల్లలు అని జవాబొస్తే ఆ మాస్టారికి నా తరఫున దండం పెట్టండి. అలాగే మీకు ఈత ఎవరు నేర్పారో, ఎన్ని బెండ్లు కట్టారో కూడా చెప్పండి.