బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు

రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు (1901 ఫిబ్రవరి 20 – 1978 మార్చి 10) బొబ్బిలి జమీందారు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1932 నుంచి 1937 దాకా, మధ్యలో కొన్ని నెలలు మినహా, మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి. పత్రికలు, ప్రత్యర్థులు, పార్టీవారు అందరూ ఆయనను ‘బొబ్బిలి రాజా’ అనే పిలిచారు.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు, విజయనగరం సేనలకు ఎదురు నిలిచి నేలమట్టమైన కోట ఈ వంశానిదే. కంపెనీ కాలంలో జమీందారీ మళ్లీ నిలదొక్కుకుంది. అదే వంశపు మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు 1891లో యుద్ధస్థలంలో స్తంభం కట్టించారు. 1910లో మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో చేరారు. ఈ విధంగా దివాణానికీ మద్రాసు కొలువుకూ రామకృష్ణ రంగారావు కంటే ముందే దారి పడింది.

ఆయన 1921లో గద్దెనెక్కారు. 1925–27 మధ్య కేంద్రంలోని కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో సభ్యులుగా ఉండి, 1930లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. ఆ ఎన్నికల్లో జస్టిస్ పార్టీ నెగ్గింది. చిత్తూరు ప్రాంతపు బొల్లిని మునుస్వామి నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన జమీందారు కారు; మంత్రివర్గంలోనూ జమీందార్లకు చోటివ్వలేదు. పార్టీకి డబ్బు పెట్టేది తామైతే పదవులు ఇతరులకా అని జమీందార్లు కినుక వహించారు. రెండేళ్లు నలిగిన ఈ తగవు 1932 అక్టోబరులో తంజావూరు మహాసభలో రచ్చకెక్కింది. నాయుడు రాజీనామా చేశారు. నవంబరు 5న బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. అప్పటికి ఆయన వయసు 31.

అది ద్వంద్వ పాలన కాలం. ఖజానా, భూమిశిస్తు, పోలీసు గవర్నరు మండలి చేతిలో ఉండేవి. విద్య, వైద్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రులవి. రాజా స్థానిక సంస్థల శాఖను తన వద్దే ఉంచుకున్నారు, దాని విలువ తెలిసినవారు కనుక. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. కొన్ని జిల్లా బోర్డులను చీల్చారు. పరిపాలన సులువవుతుందన్నది ప్రభుత్వ వాదన. ఎదురు పక్షంవారి పట్టు సడలించేందుకేనన్నది విమర్శ. ఈ మార్పులు ఎవరికి కలిసివచ్చాయో చూస్తే విమర్శను కొట్టిపారేయడం కష్టం.

ఆయన హయాంలో రైతుకు అన్నిటికంటే మేలు చేసింది ఎస్టేట్స్ లాండ్ చట్టానికి 1936లో వచ్చిన మూడో సవరణ. 1908 నాటి మూలచట్టం జమీ గ్రామాల రైతులకు భూమి మీద స్థిరమైన హక్కు ఇచ్చింది గానీ ఇనాం గ్రామాలు చాలావరకు దాని పరిధిలోకి రాలేదు. అగ్రహారంలో సాగు చేసుకునే రైతును ఇనాందారు ఏ ఏటికాయేడు లేపేయగలిగేవాడు. ఊరు మొత్తం ఇనాంగా ఉన్నచోట ఆ రైతుకూ జిరాయితీ హక్కు దక్కాలన్నది సవరణ సారం. జమీందారు అధ్యక్షతన నడిచిన ప్రభుత్వం ఈ పని చేయడం మెచ్చదగినదే. అయితే దానివల్ల నష్టం ఎక్కువగా పడింది అగ్రహారీకుల మీద; పెద్ద జమీల జోలికి చట్టం వెళ్లలేదు.

ఇదే కాలంలో ఆర్థిక మాంద్యం పల్లెలను కుదేలు చేసింది. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు. ఎన్.జి. రంగా వంటివారు జమీ రైతులను కూడగట్టి ఊరూరా సభలు పెట్టారు. అలాంటి రోజుల్లో మంత్రికి నెలకు 4,300 రూపాయలకు పైగా జీతం ముట్టేది. కాంగ్రెసు ఈ అంకెను ప్రతి సభలోనూ ఎత్తిచూపింది. తమ మంత్రులు 500 రూపాయలే తీసుకుంటారని చెప్పింది, తరువాత ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఆ పల్లెల కష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే ఈ ప్రభుత్వపు పెద్ద తప్పు. 1934 కేంద్ర శాసనసభ ఎన్నికల్లో షణ్ముఖం చెట్టి, రామస్వామి మొదలియార్ వంటి జస్టిస్ పార్టీ ఉద్దండులు ఓడిపోయారు. 1935లో మునుస్వామి నాయుడు మరణించాక ఆయన వర్గం తిరిగి పార్టీలో చేరింది గానీ ఊళ్లలో చేజారిన బలం తిరిగి రాలేదు. 1936 ఏప్రిల్ 4 నుంచి ఆగస్టు 24 దాకా రాజాకు బదులు పి.టి. రాజన్ పదవి నిర్వహించారు.

1937 ఫిబ్రవరి ఎన్నికలు 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద జరిగాయి. రాష్ట్రంలో ఓటర్ల సంఖ్య 60 లక్షలు దాటింది. చదువురానివారి కోసం పోలింగు కేంద్రాల్లో రంగుల పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. పార్టీ పేరు చదవలేని రైతు కూడా రంగు చూసి చీటీ వేసి రావచ్చు. తెర వెనక ఏ పెట్టెలో వేశాడో దివాణం నౌకరుకు కనిపించదు. బొబ్బిలిలో రాజామీద కాంగ్రెసు నిలబెట్టింది బరంపురానికి చెందిన కార్మిక నాయకుడు వి.వి. గిరిని. తాతముత్తాతల నాటి నుంచి తమ వంశానికి శిస్తు కట్టిన పల్లెల్లోనే రాజా ఓడిపోయారు. శాసనసభలోని 215 స్థానాల్లో కాంగ్రెసుకు 159 రాగా, జస్టిస్ పార్టీ 20 కూడా అందుకోలేకపోయింది. గిరి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు.

1937 ఏప్రిల్ 1న రాజా పదవీకాలం ముగిసింది. 1938 చివర పెరియార్ రామస్వామి అధ్యక్షులయ్యాక జస్టిస్ పార్టీ పూర్తిగా వేరే బాట పట్టింది. రామకృష్ణ రంగారావు రాజ్యాంగ పరిషత్తులో సభ్యులుగా ఉన్నారు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం బొబ్బిలి జమీందారీకి తెరదించింది. 1967లో ఆయన బొబ్బిలి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు: 30 ఏళ్ల కిందట తనను కాదన్న ఊరే ఈసారి ఓటేసింది. మనుమలు సుజయ కృష్ణ రంగారావు, బేబీ నాయన ఇటీవలి కాలంలో అదే స్థానం నుంచి శాసనసభ్యులయ్యారు.

ఆయన మరణించేనాటికి బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది.