లెక్కకి రాని గడులు

పాత ల్యాప్‌టాప్ పారేసే ముందు అందులో ఏమున్నాయో చూద్దామని తెరిస్తే 2006 నాటి ఎక్సెల్ పట్టిక ఒకటి బయటపడింది. ఫైలు పేరు ‘ఇంటి ఫోను’. అప్పుడు మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం. ఇంటికి ఇంటర్నెట్ ఫోను పెట్టించుకోవాలి, ఏ కంపెనీది తీసుకోవాలి అని రెండు వారాంతాలు కూర్చుని తయారుచేశాను దాన్ని. వోనేజ్, నెలకి 24.99 డాలర్లు. సన్‌రాకెట్, ఏడాదికి ఒకేసారి 199. ఏటీ అండ్ టీ వాళ్ళ కాల్‌వాంటేజ్, 29.99. వాటి కింద మరో నాలుగు చిన్న కంపెనీలు. ఎదురుగా గడులు: ఇండియాకి నిమిషానికి ఎంత, పెట్టె ఉచితమా, వాయిస్ మెయిల్ ఉందా, ఒప్పందం ఎన్నాళ్ళు. మొత్తం పదమూడు గడులు.

అన్నీ శ్రద్ధగా నింపాను. ఇవాళ చూస్తే, అడగాల్సిన ప్రశ్న వాటిలో ఒక్కటీ లేదు.

అప్పట్లో మా అందరికీ కనిపించింది ఒక్కటే గడి, ఇండియాకి నిమిషం ధర. దానికి కారణం ఉంది. 1990ల మధ్యలో అమెరికా వచ్చినవాళ్ళు గడియారం ముందు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. చెప్పాల్సినవి కాగితం మీద రాసుకుని చదివేసేవాళ్ళు కూడా ఉండేవారు. తరవాత ఇండియన్ షాపుల్లో పప్పులూ పచ్చళ్ళ పక్కన కాలింగ్ కార్డులొచ్చాయి. గోకితే బయటపడే పిన్ను, దాని తరవాత ఓ పొడుగు నంబరు, మధ్యలో ఎక్కడైనా తప్పు నొక్కితే మళ్ళీ మొదటికి.

ఆ నిమిషం అంత ఖరీదు కావటానికి సముద్రం అడుగున తీగ ఒక్కటే కారణం కాదు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళే ప్రతి నిమిషానికీ, కాల్ పంపిన కంపెనీ అందుకున్న కంపెనీకి కొంత ముట్టజెప్పాలి. మనవైపు ఆ తలుపు 2002 దాకా విదేశ్ సంచార్ నిగమ్ ఒక్కదానిదే. ఈ చెల్లింపులు మరీ ఎక్కువగా ఉన్నాయని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1997లో పరిమితులు పెట్టింది. పేద దేశాలకిచ్చేది నిమిషానికి 23 సెంట్లకి మించకూడదంది. ఆ తరవాత 2003లో మన ట్రాయ్ ఇంకో రుసుము తెచ్చింది. యాక్సెస్ డెఫిసిట్ ఛార్జ్ అని దాని పేరు. బయటిదేశాల నుంచి వచ్చే కాల్స్ మీద నిమిషానికి ఇంత అని వసూలుచేసి, నష్టానికి నడిచే స్థానిక, గ్రామీణ ల్యాండ్‌లైన్ల ఖర్చు కింద జమకట్టేవారు. అందులో సింహభాగం బీఎస్‌ఎన్‌ఎల్‌కి వెళ్ళేది. అంటే తెనాలిలో ఉన్న మా అమ్మతో నేను మాట్లాడే ప్రతి నిమిషం లోంచీ ఏదో పల్లెటూరి ఫోను స్తంభానికి కొంత చందా పోయేదన్నమాట. ఆ సంగతి తెలీక ఎన్నేళ్ళు తిట్టుకున్నానో!

ఇంటర్నెట్ ఫోను ఈ గోడకి కన్నంలా వచ్చింది. 1995లో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీ ‘ఇంటర్నెట్ ఫోన్’ పేరుతోనే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మింది. అందులో రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలి, అదీ చాలామందికి వాకీటాకీలో లాగా ఒకరి తరవాత ఒకరు. దాన్ని ఇంటి ఫోనుగా మార్చింది అరచేయంత ఓ పెట్టె. దానికి ఒకపక్క ఇంటర్నెట్ తీగ, ఇంకోపక్క మామూలు ఫోను. మన గొంతుని సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ చిరునామా అంటించి పంపిస్తుంది. ముక్క అటు చేరటానికి సెకనులో ఆరో వంతు లోపు పడితే తేడా తెలీదు. అంతకంటే బాగా ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగి, ‘నువ్వు చెప్పు’ ‘కాదు నువ్వు చెప్పు’ అనుకోవటం మొదలవుతుంది. మా ఇంట్లో సగం సంభాషణ అదే.

చివరికి నేను ఎంచుకున్నది పట్టికలో అట్టడుగునున్న చిన్న కంపెనీని. పేరు అనవసరం. ఇండియా నిమిషం అందరికంటే చవకని తీసుకున్నాను. ఎందుకంత చవకో వారం తిరక్కుండానే తెలిసింది. నేను ఫోన్ చేస్తే నాన్నగారి సెల్‌లో ఏదో హైదరాబాదు నంబరు కనపడేది. ఎవరో అప్పులవాళ్ళనుకుని ఆయన ఎత్తేవారు కాదు. విదేశీ కాల్‌ని ఇంటర్నెట్ మీద దొంగదారిన దేశంలోకి తెచ్చి, అక్కడో గదిలో లోకల్ కాల్‌గా మార్చి పంపే వ్యాపారం అది. రుసుములన్నీ ఎగ్గొట్టటమే అందులో లాభం. అలాంటి గదుల మీద హైదరాబాదుతో సహా చాలా ఊళ్ళలో పోలీసులు దాడులు చేసేవాళ్ళు. నా పట్టికలో రెండు సెంట్ల పొదుపుగా కనిపించింది ఈ బేరం.

అయినా అది చిన్న విషయమే. పెద్దవి మూడున్నాయి.

మొదటిది చిరునామా. అమెరికాలో ఆపదొస్తే 911 నొక్కుతారు. పాత ఫోను తీగ ఫలానా ఇంటికే వెళ్తుంది కాబట్టి, నోట మాట రాకపోయినా అవతలివాళ్ళకి ఇల్లు తెలుస్తుంది. ఇంటర్నెట్ పెట్టెని సూట్‌కేసులో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. ప్రకటనల్లో అదే గొప్ప. కానీ అది ఎక్కడుందో దానికే తెలీదు. 2005 ఫిబ్రవరిలో, మేముండే హ్యూస్టన్‌లోనే, దుండగులు ఒక ఇంట్లో చొరబడి భార్యాభర్తలిద్దర్నీ కాల్చారు. వాళ్ళ పదిహేడేళ్ళ కూతురు వోనేజ్ ఫోనులో 911 నొక్కితే, ఆ సౌకర్యం లేదని రికార్డు చేసిన గొంతు వినిపించింది. 911ని విడిగా కోరి పెట్టించుకోవాలని, ఆ సంగతి కంపెనీ సరిగ్గా చెప్పలేదని టెక్సస్ ప్రభుత్వం తరవాతి నెలలో దావా వేసింది. ఆ ఏడాదే ఎఫ్‌సీసీ ఇలాంటి కంపెనీలన్నీ 911ని ఇచ్చితీరాలని, వాడేవాళ్ళ చిరునామా నమోదుచేయాలని, హెచ్చరిక స్టిక్కర్లు పంపాలని ఆదేశించింది. నాకూ ఒక స్టిక్కరు వచ్చింది. ఫోను అందం చెడుతుందని అంటించలేదు.

రెండోది కంపెనీ ఆయుష్షు. 2007 జులైలో సన్‌రాకెట్ ఉన్నట్టుండి మూతపడింది. రెండు లక్షల పైచిలుకు ఖాతాదారులు. చాలామంది ఏడాది డబ్బు ముందే కట్టినవాళ్ళు. డబ్బు సంగతి అటుంచితే, బంధువులందరి డైరీల్లోనూ ఉన్న ఇంటి నంబరు ఏమవుతుందన్నది అసలు బెంగ. నంబరుని ఇంకో కంపెనీకి తీసుకెళ్ళే హక్కుని ఎఫ్‌సీసీ ఇంటర్నెట్ ఫోన్లకి స్పష్టంగా వర్తింపజేసింది ఆ నవంబరులో. పెద్ద పేరు కూడా భరోసా కాదని రెండేళ్ళకి తేలింది. కాల్‌వాంటేజ్‌ని ఏటీ అండ్ టీ 2009లో తనే చుట్టేసింది.

మూడోది కరెంటు. ఇది నాకు స్వయంగా తెలిసొచ్చింది. 2008 సెప్టెంబరు 13న ఐక్ తుఫాను మా మీదికొచ్చింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోయింది. మా ఇంట్లో మోడెమ్ చీకటి, పెట్టె చీకటి. సెల్‌ఫోను ఒకరోజు దొరికీ దొరక్కుండా ఉండి, ఛార్జి అయిపోయి ఊరుకుంది. ఎదురింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. వంటింటి గోడకి వేలాడే ఆమె పాత ఫోను మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. ఎక్స్‌ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ రాగి తీగలోనే ఇంటికొస్తుంది. ఇంట్లో దీపం లేకపోయినా ఫోను మోగుతుంది. నెలకింత దండగ అని నేను తీయించేసింది సరిగ్గా అదే తీగని.

ఆవిడ వంటింట్లో నిలబడి, సొరుగులో మిగిలిన కాలింగ్ కార్డుతో తెనాలి చేశాను. అమ్మ ఎత్తింది. ‘ఏరా, మీ ఇంటికి చేస్తుంటే ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పి కుయ్యిమంటోంది. రెండ్రోజుల్నించి టీవీ ముందునించి లేవలేదు మీ నాన్న,’ అంది. వాయిస్ మెయిల్! పట్టికలో నేను ‘ఉంది’ అని ఆకుపచ్చ రంగు వేసిన గడి. ఇంట్లో పెట్టె చచ్చిపోయినా కంపెనీ సర్వరు మర్యాదగా పలకరిస్తూనే ఉంది.

తరవాతి కథ పొట్టిది. యాక్సెస్ డెఫిసిట్ ఛార్జ్ 2008లోనే పోయింది. మర్నాటి ఆగస్టులో వోనేజ్ అదే 24.99కి ఇండియాతో సహా అరవై పైచిలుకు దేశాలకి లెక్కలేనన్ని నిమిషాలంది. నేను రెండు వారాంతాలు కొట్టుకున్న గడి ఒక్క రోజులో అర్థం లేనిదైపోయింది. ఇంకో ఆరేళ్ళకి వాట్సాప్‌లో మాటలొచ్చాయి, మొత్తం పట్టికే అనవసరమైంది. నిమిషం ధర పోయింది. మిగతా మూడు ప్రశ్నలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత ఫోను కంపెనీ వాటిని ఎప్పుడూ విడిగా అమ్మలేదు, అందుకే మేం కొనాలని అనుకోలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్న మీలో చాలామందికి దాంతోపాటు ఒక ల్యాండ్‌లైన్ నంబరు కూడా వచ్చివుంటుంది. ఫోను తగిలించి ఉండరు. అది ఇంటర్నెట్ ఫోనే. ఏ కంపెనీది ఎంచుకోవాలి అని కూడా ఎవరూ అడగలేదు, ల్యాండ్‌లైన్ అంటేనే అదైపోయింది.

కిందటేడు తెనాలిలో మా రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు. అమ్మ పోయాక నాన్నగారు ఒక్కరే ఉంటున్నారు. వేగం, ప్లాను, ఓటీటీలు అని నేను ఫోనులో ఏదో చెప్పబోతే ఆయన మధ్యలో ఆపి, ‘అవన్నీ సరేగానీ, కరెంటు పోతే మోగుతుందా?’ అనడిగారు.

మోగదు. పండక్కి వెళ్ళినప్పుడు మోడెమ్‌కి సరిపోయే చిన్న బ్యాటరీ యూనిట్ కొని తగిలించాను. మెయిన్ స్విచ్ ఆపేసి, పెరట్లోకి వెళ్ళి సెల్ నుంచి ఇంటి నంబరుకి చేశాను. రెండు రింగులకి నాన్నగారు ఎత్తి, ‘ఆఁ, వినపడుతోంది. ఇంక ఫ్యాను వెయ్యి,’ అన్నారు.