డోర్నకల్ బిషప్ అజరయ్య
తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదిలి, 1909లో ఇంగ్లండు సంఘ సంప్రదాయమైన ఆంగ్లికన్ శాఖలో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. పాశ్చాత్య మిషనరీలు త్యాగాలతో ఆగక భారతీయులకు స్నేహితులు కావాలని 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన నిర్భయంగా కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ బిషప్‌గా, అంటే ఒక మండలంలోని సంఘాలన్నిటికీ అధ్యక్షుడిగా, అభిషిక్తులైన తొలి భారతీయుడు ఆయనే. అయితే ఆ గౌరవం కన్నా మాల, మాదిగ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి సంఘాలు నిలబెట్టిన శ్రమే ఘనమైనది. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్‌లో గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది ఆలయ స్తంభాల పోకడలు కలిసి కనిపిస్తాయి. ఆయన 1945 జనవరి 1న మరణించగా, ఆయన పాటుపడిన వేర్వేరు క్రైస్తవ శాఖల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది.